రాజోలు జిరాక్స్ షాపు అక్కకి, ఇంకా అందరికీ

నిన్న రాత్రి మా ఆయన షార్జా నుంచి వాట్సాప్‌లో, మేం ఆయన దగ్గరికి వెళ్ళడానికి ఎంట్రీ పర్మిట్లు పంపారు. నాకూ, బాబుకీ. అక్కడ దిగాక నాకు మెడికల్, ఇద్దరికీ ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఇంకా ఉన్నాయి, అవి ఆయన చూసుకుంటారు. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

నాన్న బండి మీద తిప్పారు, అమ్మ బాబుని చూసుకుంది, అత్తయ్యగారు డబ్బు సర్దారు. వాళ్ళకి వేరే చెప్పేదేముంది. నేను చెప్పాల్సింది రాజోలులో జిరాక్స్ షాపు అక్క గురించి. పేరు పెట్టొద్దంది.

మా పెళ్ళి అంతర్వేదిలో అయింది. రిజిస్టర్ చేయించిన సర్టిఫికెట్లో మా ఆయన ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. మనవైపు ఎవరింట్లో చూసినా ఇంతే కదండీ! అందుకే ఫైలు వెనక్కొచ్చింది. ఆఫీసులో అడిగితే "మీ ఆయన్ని రమ్మనండి" అన్నారు, మళ్ళీ తలెత్తలేదు. ఆయన రాలేకే కదా మేం వెళ్తామంటోంది.

బయటికొచ్చి ఆ షాపు అరుగు మీద కూలబడ్డాను. "లోపలికి రా అమ్మాయ్, ఎండ" అని అక్క కాగితాలన్నీ తీసుకుని ఒక్కొక్కటీ చదివింది. రెండు పేర్లూ ఒకే మనిషివని ఆయన చేత అక్కడి మన కాన్సులేట్‌లో అఫిడవిట్ చేయించమంది. ఏం రాయాలో తనే టైపు చేసి ఆయనకి పంపింది. ఏజెంటు అపోస్టిల్ (ఒక అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న దేశాలు ఒప్పుకునే మన విదేశాంగ శాఖ ముద్ర) చాలన్నాడంటే నవ్వింది. "మస్కట్‌కైతే చాలు. ఆ ఒప్పందంలో మన దేశం 2005లోనే చేరింది గానీ యూఏఈ చేరలేదు, వాళ్ళ ఎంబసీ ముద్రే పడాలి."

ఇవన్నీ నీకెలా తెలుసక్కా అన్నాను. సొరుగులోంచి తన పెళ్ళి సర్టిఫికెట్ తీసింది. వెనకాల అపోస్టిల్ స్టిక్కరు. వాళ్ళాయన మస్కట్‌లోనే ఉన్నారు. జీతం చాలక ఫ్యామిలీ వీసా రాలేదు, ఈలోపు పిల్లలు కాలేజీకొచ్చేశారు. "నీదైనా అవ్వనీ" అంది. ఇక నా వల్ల కాలేదు, బాబు కంగారుపడేలా ఏడ్చేశాను. టైపింగుకి పైసా తీసుకోలేదు, జిరాక్సులకి మాత్రం చిల్లరతో సహా లెక్కకట్టింది.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఒకే కాగితం మీద రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఎంబసీ ముద్ర, అక్కడికెళ్ళాక వాళ్ళ విదేశాంగ శాఖది ఇంకోటి. బాబు బర్త్ సర్టిఫికెట్‌కీ ఇదే వరస. ఒకరు వేసింది ఇంకొకరు నమ్మకపోతే అసలు వేయడం దేనికి? పైగా అక్కడికి కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే జీతం 4000 దిర్హాములుండాలి, లేదా 3000తో పాటు ఉండటానికి ఇల్లు. అంతకంటే తక్కువొచ్చేవాళ్ళు పెళ్ళాం బిడ్డల్ని ఫోన్లో చూసుకోవాలా?

హైదరాబాద్‌లో కాగితాలు పట్టుకుని తిరిగిన నా క్లాస్‌మేట్ వాళ్ళ తమ్ముడికి, స్పీడ్‌పోస్ట్ వచ్చిందని ఫోన్ చేసి మరీ ఇచ్చిన మా పోస్ట్‌మ్యాన్ గారికి థాంక్స్. అయ్యో, వెలగపూడి సచివాలయం గేటు దగ్గర బాబుకి మజ్జిగ పోసిన పెద్దమ్మగారూ, మిమ్మల్ని మర్చిపోలేదండి. సాక్షి సంతకాలకి పని మానుకుని వచ్చిన చిన్నాన్నకి కూడా.