పిల్లల ఆకలి గురించి డాక్టర్లు మాట్లాడకూడదా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పిల్లల ఆకలి గురించి, కుటుంబాల కష్టనష్టాల గురించి డాక్టర్లు, నర్సులు, టీచర్లు బహిరంగంగా గొంతెత్తడం వృత్తి మర్యాద కాదని, వాళ్లు వైద్యమో చదువో చూసుకుంటే చాలని, మిగతా సంగతి పాలకులకు వదిలేయాలని ఇటీవల ఇదే శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. వృత్తిలో ఉన్నవాళ్లు పార్టీల జెండాలు మోస్తే జనానికి వాళ్ల మీద నమ్మకం పోతుందన్నది ఆయన భయం. ఆ భయం నాకూ ఉంది. అయితే చాలాకాలంగా పిల్లల వైద్యం చేస్తున్నదాన్ని కాబట్టి, ఆయన గీసిన గీత దగ్గర ఆగిపోవడం ఎంత కష్టమో చెప్పవలసిన బాధ్యత నాకుందనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్లలోపు పిల్లల మరణాల్లో దాదాపు సగానికి పోషకాహార లోపంతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మరణ ధ్రువపత్రంలో మాత్రం న్యుమోనియా అనో, విరేచనాలనో, తట్టు అనో రాసి ఉంటుంది. ఆకలి అని ఎవరూ రాయరు. బక్కచిక్కిన ఒంటికి మామూలు జబ్బును తట్టుకునే శక్తి లేకపోవడం వల్లే ఆ బిడ్డ పోయిందన్న సంగతి వైద్యం చేసినవాళ్లకు తెలుస్తుంది, కేస్ షీటుతో పాటు అదీ బీరువాలోకి వెళ్లిపోతుంది.

ఆరు నెలలు నిండి ఐదేళ్లు దాటని పిల్లలకు భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో రంగుల టేపు చుట్టి కొలుస్తాం. చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే టేపు మీద ఎరుపు కనిపిస్తుంది, బిడ్డ ప్రాణాపాయ స్థితిలో ఉన్నట్టు లెక్క. 115కీ 125కీ మధ్య అయితే పసుపు, ఆపైన ఆకుపచ్చ. ఈ రంగులను చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, తల్లులకు నేర్పినా చక్కగా చూస్తారు. టేపుకు అందనిది అర్ధాకలి. అర్ధాకలితో ఉన్న బిడ్డ చేయి ఆకుపచ్చలోనే ఉంటుంది, ఆడుకుంటూనే ఉంటుంది. కానీ పెరుగుదల పట్టికలో నెలనెలా పైకి పోవలసిన గీత అడ్డంగా సాగుతుంది. బరువు తగ్గలేదు కదా అని ఇంట్లోవాళ్లు ఊరట పడతారు. ఎదిగే వయసులో బరువు పెరగకపోవడమంటే తగ్గడం కిందే లెక్క. మొదట బరువు ఆగుతుంది, అదే పరిస్థితి కొనసాగితే ఎత్తు ఆగుతుంది. గర్భంలో పడిన నాటి నుంచి రెండేళ్లు నిండే వరకు, సుమారు వెయ్యి రోజుల్లో జరిగిన ఈ నష్టాన్ని ఆ తర్వాత ఎంత తిండి పెట్టినా పూర్తిగా పూడ్చడం చాలా కష్టం.

తల్లిని అడిగితే ‘బాగానే తింటోందండీ’ అంటుంది. అది అబద్ధమని తప్పుపట్టలేం, ఇంట్లో నిండుకుందని పరాయివాళ్ల ముందు ఒప్పుకోవడానికి ఏ తల్లికైనా నోరు రాదు. అందుకే అడిగే తీరు మార్చుకోవాలి. గత ఏడాదిలో మళ్లీ డబ్బు చేతికందేలోగా ఇంట్లో తిండి అయిపోతుందేమోనని దిగులు పడిన సందర్భం ఉందా, కొన్న సరుకులు చాలక, మళ్లీ కొనడానికి డబ్బు లేక ఇబ్బంది పడ్డారా అన్న రెండు ప్రశ్నలను ప్రతి కుటుంబాన్నీ అడగమని అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ 2015లో తన సభ్యులకు సూచించింది. అందరినీ అడుగుతారు కనుక ఎవరికీ చిన్నతనం ఉండదు. మంచి పద్ధతే. చిక్కల్లా ‘అవును’ అన్న జవాబు వచ్చిన తర్వాత మొదలవుతుంది. ఆ తల్లి చేతిలో నేను ఏం పెట్టాలి? విటమిన్ టానిక్ చీటీయా? ఆ చీటీ రాసి పంపేసి నా పని నేను చేశానని సంతృప్తి పడమనే ఆ పాఠకుడు కోరుతున్నారు, ఆయనకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే.

టానిక్ చీటీ రాయడానికి మనసొప్పని డాక్టర్ ఒకరు 1960ల్లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఉన్నారు. మౌండ్ బయూ అనే చోట పేద నల్లజాతి కుటుంబాల కోసం ఆరోగ్య కేంద్రం నెలకొల్పిన జాక్ గైగర్, ఆయన సహచరులు అక్కడికి వచ్చే బక్క పిల్లలకు మందుల చీటీ మీద తిండి రాసి ఇచ్చారు. కుటుంబాలు ఆ చీటీలు చూపించి సరుకుల దుకాణంలో తిండి సామాను తెచ్చుకునేవి, బిల్లు ఆరోగ్య కేంద్రం మందుల ఖాతాలో పడేది. మందుల డబ్బుతో తిండి ఏమిటని పైఅధికారులు నిలదీశారు. పోషకాహార లోపానికి వైద్య గ్రంథాల్లో చెప్పిన మందు తిండే కదా అన్నది గైగర్ సమాధానం. అంతటితో ఆగలేదు. ఆ కేంద్రం బావులు తవ్వించింది, అక్కడి కుటుంబాలు సహకార వ్యవసాయం పెట్టుకుని తమ తిండి తామే పండించుకోవడానికి తోడ్పడింది. ఇందులో వైద్యం ఎక్కడ ముగిసింది, పాలకులకు వదిలేయవలసిన సంగతి ఎక్కడ మొదలైంది? నాకైతే ఆ గీత కనిపించడం లేదు.

ఆకలి ఒక్కటే కాదు, ఇల్లు కూడా అంతే. ఉబ్బసానికి మందు వేసి పంపిన పిల్లలు అదే బూజు పట్టిన గోడల మధ్యకు వెళ్లి మళ్లీ ఆయాసంతో వస్తుంటే, అమెరికాలోని బోస్టన్ నగర ఆసుపత్రిలో బ్యారీ జుకర్‌మన్ అనే పిల్లల వైద్యుడు 1993లో వైద్య బృందంలోకి న్యాయవాదులను తీసుకొచ్చారు. ఇంటి యజమాని చట్ట ప్రకారం చేయించవలసిన మరమ్మతులను డాక్టర్ చేయించలేడు, న్యాయవాది చేయించగలడు. ఆ పద్ధతిని తర్వాత ఎన్నో ఆసుపత్రులు అందుకున్నాయి.

నిపుణులు నోరు విప్పితే తమకు ఇష్టం లేని మాటలు వినాల్సి వస్తుందన్న భయం కొందరికి ఎప్పుడూ ఉంటుంది. నేటి ఘనాలో పనిచేస్తూ, మాంసకృత్తుల లోపంతో ఒళ్లు ఉబ్బే క్వాషియార్కర్ జబ్బును 1933లో వైద్యలోకానికి వివరించిన సిసిలీ విలియమ్స్, 1939లో సింగపూర్‌లో వ్యాపార ప్రముఖులు కూర్చున్న సభలో పసిపిల్లలకు తల్లిపాలకు బదులు తీపి డబ్బాపాలు అంటగట్టడాన్ని హత్యతో సమానమని తూర్పారబట్టారు. ఆమె మాట చట్టాల దాకా చేరడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఈలోగా కంపెనీలు అమ్మకందారులకు నర్సుల దుస్తులు తొడిగి ప్రసూతి వార్డుల్లోకి పంపిన ఉదంతాలు ఎన్నో దేశాల్లో బయటపడ్డాయి. చివరకు 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు కూర్చునే ప్రపంచ ఆరోగ్య మహాసభ డబ్బాపాల ప్రచారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ నియమావళిని 118 దేశాల మద్దతుతో ఆమోదించింది, వ్యతిరేకంగా పడింది ఒక్క అమెరికా ఓటే. పాలపొడి అవసరమైన పిల్లలు లేకపోలేదు. నియమావళి పాలపొడిని నిషేధించలేదు, ప్రకటనలను, తల్లులకిచ్చే ఉచిత నమూనాలను, వైద్య సిబ్బందికిచ్చే కానుకలను వద్దన్నది.

ఇక్కడ మా వృత్తివాళ్ల గురించి కూడా నిష్ఠూరంగా ఒక మాట చెప్పాలి. అవే కంపెనీల డబ్బుతో సదస్సులు జరుపుకుని, అవే కంపెనీల పేర్లున్న సంచులు తగిలించుకుని తిరిగే మనం పిల్లల పోషణ గురించి ఉపన్యసిస్తే వినేవాళ్లు ఎందుకు నమ్మాలి? బ్రిటన్‌లోని పిల్లల వైద్యుల రాయల్ కాలేజీ పాలపొడి కంపెనీల నిధులు తీసుకోవడం ఆపింది 2019లో, అంటే నియమావళి వచ్చిన 38 ఏళ్లకు. వృత్తి మర్యాద గురించి అంత పట్టింపు ఉన్నవారు ముందు ఈ సంగతి అడిగి ఉంటే నేను సంతోషించేదాన్ని.

ఆ పాఠకుడి భయంలో ఉన్న న్యాయాన్ని నేను కాదనను. నిపుణుడి మాటకు బలం అతని చేతిలో ఉన్న లెక్కల నుంచి రావాలి. 2015లో అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో తాగునీరు తెచ్చే చోటు మార్చిన తర్వాత పసిపిల్లల రక్తంలో సీసం అనే విషలోహం పెరుగుతోందని పిల్లల వైద్యురాలు మోనా హన్నా అటీషా విలేకరుల సమావేశం పెట్టి చెప్పినప్పుడు అధికారులు మొదట ఆమెను తప్పుపట్టారు, కొద్ది రోజులకే ఆమె లెక్కలను ఒప్పుకోక తప్పలేదు. ఆమె చూపించినవి తన ఆసుపత్రిలో జరిగిన రక్తపరీక్షల ఫలితాలు. ఏ పిల్లవాడి పేరూ, ఏ పిల్లవాడి ముఖమూ బయట పెట్టాల్సిన అవసరం రాలేదు. పిల్లల తరఫున మాట్లాడేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. డొక్కలు తేలిన బిడ్డ ఫొటో చూపిస్తే విరాళాలు వస్తాయేమో గానీ, రేపు పెద్దయ్యాక ఆ ఫొటో చూసుకోవలసిన మనిషిని ఎవరూ అడగరు.

కనుక మీ పత్రికను నేను కోరేది ఇది. అన్నదానం జరిగిన రోజు ఫొటో వేస్తున్నట్టే, అదే పిల్లల తూకం ఆరు నెలల తర్వాత ఎలా ఉందో అడిగి ఆ వార్త కూడా వేయండి. బడిలో మధ్యాహ్నానికి తల వాల్చేసే పిల్లలను రోజూ చూసే టీచరుకు, ఇంటింటికీ తిరిగి తూకాలు వేసే ఆరోగ్య కార్యకర్తకు పెద్ద డాక్టర్లతో సమానంగా చోటు ఇవ్వండి. వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. రాసినవారికి ఏ ఆహార కంపెనీతోనైనా, ఏ పార్టీతోనైనా సంబంధం ఉంటే ఆ విషయం వ్యాసం కిందే ప్రచురించండి. నా మటుకు నేను ఏ కంపెనీ దగ్గరా పారితోషికం గానీ ప్రయాణ ఖర్చులు గానీ తీసుకోలేదనీ, ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదనీ ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

ఇట్లు,
ఒక పిల్లల వైద్యురాలు