మునగాకు కట్ట వేలం

పెరంబూరు, చెన్నై

ప్రియమైన గంపల దొరకు,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది, పాప బడికి వెళుతోంది, నాకు ఆఫీసు వేళలు మారాయి, వానలు మొదలయ్యాయి. ఇక ఆ సంగతులు వదిలెయ్. పోయిన ఆదివారం మా సంఘంలో కోత పండుగ జరిగింది. ఆ రోజు చూసింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

రైలు పెట్టెలు తయారుచేసే ఊళ్లో కోత ఏమిటని అడుగుతావని తెలుసు. మా సంఘ పెద్దల్లో చాలామంది తండ్రులు 1955లో పెట్టెల కర్మాగారం మొదలైన తర్వాత పని కోసం నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లే. పొలాలు అక్కడే ఉండిపోయాయి, పండుగ మాత్రం వెంట వచ్చింది. ఇప్పుడు గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు కోయంబేడు మార్కెట్టు నుంచి వస్తాయి. కాళ్లు కట్టిన నాటుకోడి ఒకటి, ఆవకాయ జాడీలు, మొదటి జీతం పెట్టిన కవర్లు, అన్నీ బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. పాడుకున్నవాడు మళ్లీ సంఘానికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట మొదలవుతుంది. ఒక్క గుమ్మడికాయ ఎన్నిసార్లు చేతులు మారుతుందో! (గుమ్మడికాయ అనగానే నీకు ఎవరు గుర్తొచ్చారో నాకు తెలుసు. ఆమె పేరు ఇక్కడ రాయను.)

ఆ రోజు వాక్యం బైబిలులో ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం. ప్రథమ ఫలాలు గంపలో పెట్టుకుని వచ్చినవాడు యాజకుని ముందు ఏం చెప్పాలో అక్కడ ఉంది కదా. గంప అనగానే నీవే గుర్తొచ్చావు. నేను ఇన్నేళ్లూ ఆ భాగాన్ని పంటకు కృతజ్ఞత చెప్పే మాటలుగానే చదివాను. పాస్టరుగారు నెమ్మదిగా చదువుతుంటే చెవిన పడింది: ఆ గంప పట్టుకున్న మనిషి మొదట చెప్పేది పంట గురించి కానే కాదు. మా పితరుడు దిక్కులేక తిరిగినవాడు, ఐగుప్తులో మమ్మల్ని బాధపెట్టారు, మేము మొరపెట్టాము, దేవుడు విన్నాడు అంటాడు. అదంతా అయ్యాకే ఇదిగో ఈ ఫలాలు అంటాడు. కన్నీళ్ల కథ చెప్పకుండా ఫలాలు అర్పించడానికి లేదన్నమాట.

సరే, వేలానికి వస్తాను. పాట పాడించేది మా పెద్దాయన. తెలుగులో మొదలుపెట్టి, ఉత్సాహం వచ్చేసరికి "ఒరు తరం, రెండు తరం" అని తమిళంలోకి దిగిపోతాడు. కోడి అయిపోయింది, జాడీలు అయిపోయాయి. తర్వాత ఒక మునగాకు కట్ట ఎత్తాడు. అరటినార కట్టిన చిన్న కట్ట. పది రూపాయలకు మొదలైంది. వెనక బెంచీల్లో ఉన్న ఉద్యోగాల కుర్రాళ్లు సరదాగా యాభై, వంద, ఐదు వందలు అంటూ పోయారు. అందరూ చప్పట్లు. అప్పుడు ముందు వరుసలోంచి ఒక పెద్దమ్మ లేచింది.

"అయ్యా, పాట ఆపండి. అది పది రూపాయల ఆకు. వండుకునేవాళ్లకు ఇవ్వండి" అంది.

చప్పట్లు ఆగిపోయాయి. ఆమె ఇంటి వాకిట్లో మునగచెట్టు ఉందట. ఒంట్లో రక్తం లేదని డాక్టరు చెప్పినప్పటి నుంచి భర్తకు రోజూ ఆ ఆకే కోసి వండేది. ఆయన ఎండాకాలంలో పోయాడు. "చెట్టు చిగురు వేస్తూనే ఉంది. ఎవరికి కొయ్యను? అందుకే దేవుడికి తెచ్చాను" అని బల్ల వైపు చూపించింది. ఏదైనా కీర్తన చెప్పమ్మా అన్నారు పాస్టరుగారు. నూట మూడో, నూట ముప్పై ఆరో, ఏదో ఒక స్తుతి కీర్తన చెబుతుందని అందరం అనుకున్నాం. ఆమెకు చదువు రాదు, చిన్నప్పుడు ఊళ్లో ఆదివారపు బడిలో కంఠతా పట్టినవే. కళ్లు తెరిచే ఉంచి, గట్టిగా, "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అని మొదలుపెట్టింది. పదమూడో కీర్తన! కోత పండుగ రోజున!

దొరా, నా ఒళ్లు జలదరించింది. ఆరు వచనాలే కదా అది. నాలుగింటిలో ప్రశ్నలూ మొరలే. చివరి రెండింటిలో "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను" అని తిరుగుతుంది. ఆమె ఆ మొదటి నాలుగూ ఎక్కడా తగ్గించకుండా, దేవుడు ఎదురుగా కూర్చుని వింటున్నట్టే అడిగింది. "నేను ఆయనను కీర్తించెదను" అన్నప్పుడు గొంతు వణికింది, ఆగలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు, కాసేపటికి గాని.

నీవు రాశావు కదా, నాన్నగారు పోయినప్పటి నుంచి స్తుతి ఆరాధనలో నోరు పెగలడం లేదని, మీ సంఘంలో ఒకాయన వచ్చి పౌలు, సీల చెరసాలలో పాడారు, నీవెందుకు పాడవు అన్నాడని. నీ ఉత్తరంలో ఆ మాట చదివినప్పటి నుంచి నాకు కోపంగానే ఉంది. అపొస్తలుల కార్యములు 16లో వాళ్లు పాడారు, నిజమే. ప్రార్థిస్తూ పాడారు. వాళ్ల వీపుల మీద దెబ్బలు ఉన్నాయి. పాడమని వాళ్లను ఎవరూ గద్దించలేదు. ఏడుస్తున్నవాడి దగ్గర స్తోత్రాన్ని బాకీలా వసూలు చేయడం ఏ వాక్యంలో ఉంది? ఎనభై ఎనిమిదో కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అయినా అది కీర్తనల గ్రంథంలోనే ఉంది, ఎవరూ తీసేయలేదు. ఇల్లు కొన్నాం, వీసా వచ్చింది అనే సాక్ష్యాలకు నేనూ సంతోషంగా స్తోత్రం చెబుతాను. అయితే ఏమీ రానివాళ్లకు, ఉన్నది పోయినవాళ్లకు కూడా ఆ మైకు ముందు చోటుండాలి. ఆ పెద్దమ్మ ఆ చోటు తనే తీసుకుంది.

అందుకే చెబుతున్నాను. ఇప్పుడు నీవు పాడలేకపోతే పాడవద్దు. అడుగు. పదమూడో కీర్తన మొదటి రెండు వచనాలు దేవుని ముఖం మీదే చదువు. మిగతావి నోటికి వచ్చినప్పుడు వస్తాయి, అప్పటిదాకా నీ బదులు నేను చదువుతాను, రోజూ, నాన్నగారి పేరు తలచుకుని. ఆయన పచ్చగొడుగు పట్టుకుని మన ఇద్దరినీ వెతుక్కుంటూ స్టేషనుకు వచ్చిన రోజు... అది ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మునగాకు చివరికి పది రూపాయలకే వెళ్లింది. కోడలు కడుపుతో ఉన్న ఒకామె తీసుకుంది. పప్పులో వేస్తానని చెప్పింది, పెద్దమ్మ ఎలా వండాలో కూడా చెప్పి పంపింది.

క్రిస్మస్‌కు వస్తావా రావా? వస్తే చెల్లెమ్మనూ పిల్లలనూ తీసుకురా, మధ్యాహ్నం భోజనంలో మిగిలినవి మోయడానికి మాకు మనిషి కావాలి. ఇంకా ఆఫీసు సంగతి ఒకటి చెప్పాలి, మా కొత్త మేనేజరు... అయ్యో, గాయక బృందం వాళ్లు కింద హారన్ కొడుతున్నారు. ఉంటాను. వెంటనే రాయి.

నీ
పక్క బెంచీవాడు