ఆ కథలో అర్జీ పట్టుకుని నిలబడ్డ ఊరు కూడా ఉంది

సంపాదకులకు నమస్కారం.

జపాన్ మాంగాల, అంటే అక్కడి బొమ్మల కథల గురించి మీ లేఖల శీర్షికలో కొన్ని వారాలుగా సాగుతున్న చర్చలో 'హిగురాషి నో నాకు కోరో ని' పేరు పదే పదే వచ్చింది. ఇలాంటి కథలు పల్లెటూరిని హంతకుల నిలయంగా చూపిస్తాయని ఒకరు, మూఢనమ్మకాలను పెంచుతాయని మరొకరు, పిల్లలకు హింస నేర్పుతాయని ఇంకొకరు రాశారు. మెచ్చుకున్నవారు కూడా మొదటి నాలుగు భాగాల్లోని భయాన్ని పొగిడి, ముగింపు తేలిపోయిందని పెదవి విరిచి ఊరుకున్నారు. ఈ అభిప్రాయాల్లో కొన్నింటితో నాకు పేచీ లేదు. కానీ కథ మొత్తానికి కీలకమైన ఒక ఘట్టాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. దాన్ని పక్కనపెట్టి ఈ మాంగా గురించి ఏ తీర్పు చెప్పినా అది సగం చదివి చెప్పిన తీర్పే అవుతుందని నా అభిప్రాయం.

చదవనివారి కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. ర్యూకిషి07 అనే కలం పేరు గల రచయిత తన చిన్న బృందంతో కలిసి 2002 ఆగస్టులో, టోక్యోలో ఔత్సాహిక రచయితలు తమ పుస్తకాలు తామే అమ్ముకునే కోమికెట్ సంతలో, కంప్యూటర్ తెరమీద చదువుకునే కథగా దీని మొదటి భాగాన్ని విడుదల చేశాడు. 2006 ఆగస్టు నాటికి ఎనిమిది భాగాలుగా కథ పూర్తయింది. ఈలోగా 2005 నుంచే స్క్వేర్ ఎనిక్స్ సంస్థ పత్రికల్లో మాంగాగా రావడం మొదలైంది. కథాకాలం 1983 జూన్. చాలా భాగాల్లో అదే జూన్ మళ్ళీ మొదటినుంచి మొదలై వేరే దారి పడుతుంది, ఒక భాగంలో చనిపోయినవారు మరో భాగంలో బతికే ఉంటారు. నగరం నుంచి కేయిచి అనే కుర్రవాడు తల్లిదండ్రులతో కలిసి హినామిజావా అనే కొండ ఊరికి కాపురం వస్తాడు. ఊరి బడి అటవీ శాఖ కార్యాలయ భవనంలో నడుస్తుంది. చిన్నా పెద్దా అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు. నాలుగేళ్ల కిందట ఆ లోయలో ఆనకట్ట కట్టి ఊరిని ముంచాలని ప్రభుత్వం చూసింది, ఊరంతా తిరగబడింది, చివరికి పని ఆగిపోయింది. ఆ గొడవ ముదిరిన సమయంలోనే ఆనకట్ట పనుల అధికారి దారుణంగా హత్యకు గురయ్యాడు. అప్పటినుంచి ఏటా జూన్‌లో, పాత పరుపుల దూదిని ఏట్లో వదిలి మొక్కుకునే వాతానగాషి పండుగ రాత్రి, ఒకరు చనిపోతారు, ఒకరు మాయమవుతారు. అది గ్రామదేవత ఓయాషిరో సామా శాపమని ఊళ్ళో గుసగుసలు. కొత్త స్నేహితులను ఈ సంగతి అడిగితే మాత్రం వాళ్ళు ముఖం చాటేస్తారు.

ఈ ఊరికి నమూనా జపాన్‌లోని గిఫు రాష్ట్రంలో, షో నది లోయలో ఉన్న షిరాకవాగో. మంచు జారిపోయేలా నిటారుగా వేసిన గడ్డి కప్పుల ఇళ్ళకు అది ప్రసిద్ధి. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ నది మీద 1961లో పూర్తయిన మిబోరో ఆనకట్ట కింద నిజంగానే ఊళ్ళు మునిగాయి. మునగబోయే గుడి ఆవరణల్లోని రెండు ముసలి చెర్రీ చెట్లను వేళ్ళతో సహా పెకలించి గట్టు మీద నాటారు, అవి ఇప్పటికీ పూస్తున్నాయి. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి మా అలంపురంలో నిలబెట్టిన సంగతి ఎరిగినవాణ్ణి కనుక, ఆ చెట్ల కథ నాకు దూరదేశపు వింతగా తోచలేదు. అసలు ఈ మాంగాలో నన్ను మొదట ఆకట్టుకున్నది నెత్తురు కాదు, ఆనకట్ట వ్యవహారమే. పోరాటం గెలిచిన ఊళ్ళో, ఓడిన పక్షాన నిలబడిన కుటుంబం గతి ఏమిటన్న ప్రశ్నను రచయిత వదిలిపెట్టడు.

హోజో దంపతులు పరిహారం తీసుకుని వెళ్ళిపోవడమే మేలన్నారు. ఊరు వాళ్ళను వెలివేసింది. ఆ దంపతులు చనిపోయారు, అయినా వెలి ఆగలేదు. ఆ ఇంటి పిల్లలు సాతోషి, సాతోకోలతో అంగళ్ళవాళ్ళు మాట్లాడరు, పెద్దలు చూసీ చూడనట్టు పోతారు. గ్రామాభివృద్ధి కమిటీల పేరిట కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించారన్న వార్తలు నిజామాబాద్ జిల్లా నుంచి తరచూ చదివే మనం, దీన్ని పల్లెమీద వేసిన అభాండమని ఏ ముఖంతో అనగలం? ముంపు గ్రామాల్లో ముందు సంతకం పెట్టినవారికీ, చివరిదాకా పెట్టనివారికీ మధ్య పడే చీలిక ఎంత లోతుగా దిగుతుందో తెలిసినవారికి హోజో కుటుంబం కల్పితపాత్రల్లా అనిపించదు. ఇక షిరాకవాగోవాసులు ఈ కథవల్ల తమ పరువు పోయిందని బాధపడి ఉంటారని ఊహించే పాఠకులకు ఒక మాట. అక్కడి హచిమాన్ గుడిలో మొక్కు రాసి వేలాడదీసే చెక్కపలకల మీద ఈ కథలోని పాత్రల బొమ్మలు గీసి, దేశం నలుమూలల నుంచి వచ్చిన పాఠకులు కట్టి వెళుతుంటారు.

ఇప్పుడు నేను చెప్పదలచిన ఘట్టానికి వస్తాను. మూడో భాగమైన తతారిగోరోషిలో, అన్న కనిపించకుండా పోయాక ఊళ్ళో నా అన్నవారు లేక మిగిలిన సాతోకో దగ్గరికి ఆమె బాబాయి తిరిగివచ్చి, ఆ పిల్లను నౌకరులా వాడుకుంటూ హింసిస్తాడు. ఉపాధ్యాయురాలికి తెలుసు, స్నేహితులకు తెలుసు. బాలల సంక్షేమ కార్యాలయానికి కూడా తెలుసు, కానీ గతంలో ఒకసారి ఆ పిల్లే అబద్ధపు ఫిర్యాదు చేసి ఉండటంతో అధికారులు తొందరపడరు. అడిగితే తనకేమీ ఇబ్బంది లేదని పిల్లే అంటుంది. ఎవరూ ఏమీ చేయడం లేదన్న కోపంతో కేయిచి ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా, ఆ మనిషిని చంపాలని నిర్ణయించుకుంటాడు. ఆ తర్వాతి పేజీలు ఈ మాంగా మొత్తంలో చదవడానికి అత్యంత బరువైనవి. హింస నేర్పుతుందన్నవారు ఇక్కడే పుస్తకం మూసి ఉండాలి, ఎందుకంటే ఆ హత్యవల్ల ఎవరికీ మేలు జరగకపోవడమే కాదు, ఎవరికోసం చేశాడో ఆ పిల్లకే అతడు పరాయివాడవుతాడు.

ఏడో భాగం మినాగోరోషిలో సరిగ్గా ఇదే చిక్కు మళ్ళీ వస్తుంది. ఇకమీది సంగతి ముందుగా తెలియడం ఇష్టంలేనివారు ఈ పేరా దాటి వెళ్ళవచ్చు. ఈసారి కేయిచి దొంగచాటుగా ఏమీ చేయడు. స్నేహితులతో కలిసి సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి ఫిర్యాదు ఇస్తాడు. పరిశీలిస్తున్నామన్న జవాబు వస్తుంది. మర్నాడు బడి పిల్లలతో వెళతాడు, ఆపై పెద్దలను కూడగడతాడు. వెళ్ళిన ప్రతిసారీ గుమ్మం ముందు జనం పెరుగుతారు, లోపలివారి జవాబు మాత్రం మారదు. ఊరివాళ్ళను కదిలించడం మరీ కష్టమవుతుంది. హోజో పిల్ల పక్షాన నిలబడితే ఊరికి పెద్దదిక్కయిన సోనోజాకి ఇంటి ముసలావిడకు కోపం వస్తుందని అందరి భయం. కుర్రవాడు గ్రామసభలో వాదించి, చివరికి ఆ ముసలావిడ ఎదుటే నిలబడి గొంతెత్తుతాడు. అప్పుడు తేలేది ఏమిటంటే, ఆవిడకు ఆ కక్ష ఎప్పుడో చల్లారిపోయింది. ఊళ్ళో దాదాపు ఎవరికీ లేదు. పక్కవాడికి ఉందేమోనని ప్రతివాడూ ఉన్నట్టు నటిస్తూ ఏళ్ళు గడిపేశారు, ఆ నటన ఖరీదును ఒక చిన్నపిల్ల చెల్లించింది. భయానక కథలో ఇంతకంటే భయంకరమైన విషయం నాకు మరొకటి కనిపించలేదు. అంతమంది కలిసి అర్జీ పట్టుకుని ఒక ప్రభుత్వ కార్యాలయం ముందు నిలబడటమే పతాక సన్నివేశంగా రాసే ధైర్యమున్న భయానక కథ కూడా నాకు తెలిసి మరొకటి లేదు. ఏళ్ళ తరబడి అర్జీల క్యూలలో నిలబడ్డ మన పాఠకులకు ఆ పేజీలు జపాన్‌వారికన్నా బాగా అర్థమవుతాయని కూడా అనుకుంటాను.

హింస విషయంలో ఆందోళన వట్టిదని మాత్రం నేను అనను. 2007 సెప్టెంబరులో క్యోటో ప్రాంతంలో ఒక పదహారేళ్ల బాలిక తండ్రిని గొడ్డలితో చంపిన ఘటన తరువాత, అప్పటికి టీవీలో వస్తున్న ఈ కథ రెండో సిరీస్ ప్రసారాన్ని కొన్ని జపాన్ స్టేషన్లు నిలిపివేశాయి. సమాజం ఉలిక్కిపడి ఉన్న సమయంలో అలాంటి దృశ్యాలను ఆపడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఒక బొమ్మల కథ ఒక నేరానికి కారణమని నిర్ధారించడం వేరు. ఐదో భాగంలో గోళ్ళు పెకలించే ఘట్టం వంటివి పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల చేతికి ఇవ్వదగినవి కావని నేనూ ఒప్పుకుంటాను. మరొకటి కూడా చెప్పాలి. ఆటలో ఓడిన బాలికలకు శిక్షగా వింత దుస్తులు తొడిగించే హాస్యఘట్టాలు నాకు ఏవగింపు కలిగించాయి. మొదటి సంపుటాల్లో అవి అవసరానికి మించి సాగుతాయి. భయానికి ముందు మనల్ని ఆదమరపించడానికేనని అభిమానులు సమర్థిస్తారు గానీ, ఆ పని ఒకే గది బడి, పొలాల మధ్య నడక, నలుగురూ కలిసి తినే మధ్యాహ్న భోజనం చక్కగా చేస్తూనే ఉన్నాయి.

మూఢనమ్మకం సంగతికొస్తే, ఆరోపణ తలకిందులుగా ఉందనిపిస్తుంది. మొదటి భాగంలో స్నేహితులు ఇంటికి తెచ్చిచ్చిన ఓహాగి అనే తీపి అన్నపు ముద్దలో సూది ఉందని కేయిచి గుర్తించి వణికిపోతాడు. చదివే మనమూ వణుకుతాం. చాలా సంపుటాల తర్వాత అదే సాయంత్రాన్ని రచయిత మరోసారి చూపిస్తాడు. అప్పుడు వెనక్కి వెళ్ళి మొదటి సంపుటం తెరిస్తే, మనం చూశామనుకున్నది ఎంత, అతడి భయం మనకు చూపించింది ఎంత అని పేజీ పేజీకీ ఆగవలసివస్తుంది. బాణామతి, చేతబడి నెపంతో ఇరుగుపొరుగువారినే కొట్టి చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో మనకు తెలియనివి కావు. అలాంటి చోట అనుమానం ఎలా పుడుతుందో, సాక్ష్యాన్ని తనకు కావలసినట్టు ఎలా మలచుకుంటుందో, ఉపన్యాసం లేకుండా లోపలి నుంచి చూపించే కథ మూఢనమ్మకాన్ని పెంచుతుందనడం నాకు సమంజసంగా లేదు.

ఈ విషయంలో మూలకథకన్నా మాంగాకే ఒక సదుపాయం ఎక్కువ. భాగాలను పలువురు చిత్రకారులకు పంచి అప్పగించారు. ఒకరి చేతిలో కేయిచి స్నేహితురాలు రేనా కళ్ళు పసితనంతో మెరుస్తాయి, మరొకరి చేతిలో అవే కళ్ళు చలువరాతి ముక్కల్లా ఉంటాయి. బొమ్మల తీరు మాటిమాటికీ మారి చికాకు పుట్టించిందని మీ పాఠకులొకరు రాశారు. ఒకే మనిషిని ఎవరు చూస్తున్నారో దాన్నిబట్టి ముఖమే మారిపోయే కథకు ఇంతకన్నా తగిన ఏర్పాటు ఏముంటుందో నాకు తోచదు, అది ప్రచురణకర్తలు కావాలని చేసినా, పని త్వరగా పూర్తికావడానికి చేసినా సరే.

మిగిలింది ముగింపు. చివరి భాగాల్లో ఇచ్చిన కారణాలు నమ్మశక్యంగా లేవని, శాపమో మనిషో తేలకుండా వదిలేస్తేనే బాగుండేదని చాలామంది పాఠకుల అభిప్రాయం. ఇందులో సగం నిజముంది. అసలు సూత్రధారి వెనుక నిలిపిన సంస్థలు, ఆయుధాలు, కుట్రలు ఆ కొండ ఊరికి నప్పలేదు. ఒక బడి, ఒక గుడి, ఒక వైద్యశాల చుట్టూ తిరిగిన కథ హఠాత్తుగా సినిమా పోరాటమైపోయింది. కానీ మొదటి నాలుగు ప్రశ్న భాగాలు, తర్వాతి నాలుగు సమాధాన భాగాలు అని కథను విడగొట్టి పాఠకుడికి మొదటే ఒక మాట ఇచ్చిన రచయిత జవాబు చెప్పకుండా తప్పుకుని ఉంటే, ఇదే పాఠకులు మోసమని రాసి ఉండేవారు.

చివరగా రెండు మనవులు. ఇలాంటి పుస్తకాల పరిచయాలు ప్రచురించేటప్పుడు ఏ వయసువారికి తగినవో తప్పక పేర్కొనవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను. అలాగే ఈ మాంగాను తప్పుపడుతూ రాయదలచినవారు మొదటి సంపుటంతో ఆగక, కనీసం మినాగోరోషిలో సంక్షేమ కార్యాలయం గుమ్మం దాకా చదివి, ఆపై రాస్తే చర్చ ముందుకు సాగుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అలంపురం, జోగులాంబ గద్వాల జిల్లా