బుజ్జీ, తలుపుల రంగు ఊడదీసే ముందు

ఒరేయ్ బుజ్జీ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని మరీ చూశాను. ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం మేస్త్రికి తప్పుగా చెప్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. దాచుకుని చదువు.

మీ సింహద్వారం మీద నువ్వు గోరుతో గీకిన చోట చూశావా? పైన చాక్లెట్ రంగు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద నీలం, అన్నిటికీ అడుగున బంగారు ఛాయలో టేకు. మీ తాతగారు రంగూన్ నుంచి ఓడలో వచ్చిన కలపతో చేయించారని మీ నాన్నగారు చెప్పేవారు కదా, ఆ చెక్క మీద ఇన్నాళ్ళూ ఎనామిల్ పూసుకుంటూ పోయారంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఊడదియ్యాలన్న నీ ఆలోచన నూటికి నూరుపాళ్ళూ మంచిదే. కానీ సంక్రాంతి లోపల అయిపోవాలని మేస్త్రిని తొందరపెట్టకు. అమ్మాయి పురిటికి వస్తోందన్నావు. అదే నాకు అన్నిటికంటే పెద్ద విషయం. ఏ రిమూవర్, అదే రంగు ఊడదీసే మందు, కొనాలన్నది కూడా దాన్ని బట్టే తేలాలి.

ముందు ఆ ఆకుపచ్చ సంగతి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల కోసం సీసపు క్రోమేట్ కలిపేవాళ్ళు. ఇనప ఊచలకి వేసే పాత ఎర్ర ప్రైమరులోనైతే సిందూరమే ఉండేది, అదీ సీసమే. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ తలుపుల మీద పొరలు అంతకంటే ఎంత పాతవో నీకే తెలుసు. అందులో సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టు. సీసం పరీక్ష కిట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, తెప్పించుకున్నా మంచిదే. సీసపు పొడి తల్లి ఒంట్లోకి వెళ్తే కడుపులో బిడ్డకీ చేరుతుంది. పాకే పిల్లలు నేలమీద చేతులు పెట్టి నోట్లో పెట్టుకుంటారు. ఒంట్లో ఇంతవరకు సీసం ఉన్నా ఫరవాలేదన్న మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. అందుకని మీ మేస్త్రి గ్రైండరుకి ఉప్పు కాగితం చక్రం తగిలించి "అరగంటలో తెల్లగా చేసేస్తాను బాబూ" అంటే ఒప్పుకోకు. ఎండు పొడి లేపడం కంటే చెడ్డ పద్ధతి లేదు.

మంట పెట్టి కాల్చడమూ వద్దు. పూర్వం కిరోసిన్ బ్లో ల్యాంపుతో రంగు ఉబ్బించి గీకేవాళ్ళు, ఆ వేడికి సీసం పొగై లేస్తుంది. ఈమధ్య వచ్చిన హీట్ గన్ కొంచెం నయమే గానీ వేడి 600 డిగ్రీలు దాటితే అదీ అంతే. కిటికీ అద్దాల దగ్గర పెడితే అద్దం చిట్లుతుంది.

ఇక రిమూవర్లు. హార్డ్‌వేర్ కొట్లో "పెయింట్ రిమూవర్" అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది మెథిలీన్ క్లోరైడ్ రకం. డబ్బా మీద డైక్లోరోమీథేన్ అనో, డీసీఎం అనో రాసి ఉంటుంది. పనితనంలో దానికి సాటి లేదు. చిక్కగా పూసి కాసేపు వదిలితే ఎనామిల్ ముడతలు పడి లేస్తుంది, పుట్టీ బ్లేడు పెట్టి తోస్తే మీగడలా వచ్చేస్తుంది. మేస్త్రులకి అందుకే అదంటే ఇష్టం. కానీ దాని ఆవిరి గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు. పైకి పోదు, కిందకి దిగి గదిలో మూలల్లో నిలుస్తుంది. పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది, అంటే రక్తం ఆక్సిజన్ని మొయ్యలేని స్థితి. గుండె జబ్బున్నవాళ్ళకి మరీ ముప్పు. అమెరికాలో బాత్‌టబ్బుల పాత పూత ఊడదీసే పనివాళ్ళు 2000 నుంచి 2011 లోపల కనీసం 13 మంది దీని ఆవిరికి చనిపోయారు. అందరూ ఇరుకు బాత్రూముల్లో పని చేస్తున్నవాళ్ళే. ఆఖరికి 2019లో అక్కడ ఇళ్ళలో వాడకానికి ఈ రిమూవర్ అమ్మకూడదని నిషేధించారు. యూరప్‌లో అంతకుముందే ఆపేశారు. మన దగ్గర మాత్రం సులువుగానే దొరుకుతుంది, కాబట్టి జాగ్రత్త పూర్తిగా నీ మీదే.

మన ఎండలకి ఇంకో సంగతి కూడా చూడాలి. అది మరిగేది 40 డిగ్రీల దగ్గర. మే నెలలో మన గోదావరి జిల్లాల్లో గది బయటే అంత వేడి ఉంటుంది. ఎండలో పెట్టిన డబ్బా మూత తిప్పగానే లోపలి ఒత్తిడికి చిమ్ముతుంది. మా వీధిలో ఒక మేస్త్రి ముఖం మీద అలాగే పడింది, కంటికి తగల్లేదు కాబట్టి బతికిపోయాడు. ఇప్పుడు చలికాలం కాబట్టి కొంత నయం. అయినా డబ్బా నీడలోనే ఉంచాలి, మూత మీద తడిగుడ్డ వేసి మెల్లగా తియ్యాలి. ఇంకొకటి, ఆ డబ్బా దగ్గర బీడీ వెలిగించనివ్వకు. అంత తేలిగ్గా అంటుకోదులే అని ధీమాగా ఉంటారు గానీ, ఆ ఆవిరి నిప్పుకి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. తువ్వాలు కట్టుకున్నా, కరోనా నాటి ఎన్95 పెట్టుకున్నా ఆవిరి ఆగదు. అవి దుమ్ముకే. మామూలు రబ్బరు తొడుగుల్లోంచి కూడా నిమిషాల్లో చర్మానికి చేరుతుంది.

కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టే పద్ధతి చవకే, రంగునీ తినేస్తుంది. కానీ టేకుని నల్లబరుస్తుంది, కీళ్ళ దగ్గర జిగురుని వదిలిస్తుంది. అల్యూమినియం చట్రాలకి తగిలితే పొంగి హైడ్రోజన్ వదులుతుంది. నీ తలుపులకి దాన్ని తగలనివ్వకు. ఎవరైనా వాడుతుంటే నీళ్ళలోకి సోడా కొంచెం కొంచెంగా వెయ్యమని చెప్పు, సోడాలోకి నీళ్ళు పొయ్యకూడదు.

నా మాట వింటే బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసిన జెల్ రకం కొను. "మెథిలీన్ క్లోరైడ్ లేనిది" అని డబ్బా మీద ఉంటుంది. అయితే లేనంత మాత్రాన సరిపోదు, ఎన్ఎంపీ అనే ద్రావకం కూడా ఉండకూడదు. అది గర్భిణులకి హాని, బిడ్డ ఎదుగుదల మీద దెబ్బ కొడుతుంది. లేబుల్ మీద చిన్న అక్షరాలు చదవడానికి బద్ధకించకు. బెంజైల్ రకం నిదానం, ఖరీదూ ఎక్కువే. సాయంత్రం మందంగా పూసి, పైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు టేపు వేసి పొద్దున తీస్తే రెండు మూడు పొరలు ఒకేసారి వదులవుతాయి. నీలం దగ్గరకి వచ్చేసరికి ఇంకోసారి పుయ్యాల్సి రావచ్చు, పుయ్యి. నీకు డబ్బు ఖర్చవుతుంది, సమయం పడుతుంది, అంతే. ఇంట్లో ఎవరికీ తల తిరగదు.

అది పూసే ముందు చిన్న పరీక్ష ఒకటి. లోపలి గది తలుపులు రంగు వేసినట్టు కాకుండా మెరుస్తున్నాయన్నావు. ఒక మూల దూదితో స్పిరిట్ అద్ది చూడు. బంకలా జిగురు తేలితే అది లక్క పాలిష్. దానికి రిమూవరే అక్కర్లేదు, స్పిరిటూ గుడ్డా చాలు. గోడల మీద సున్నానికీ డిస్టెంపరుకీ కూడా రిమూవర్ కొనకు. తడిపి బ్లేడుతో గీకి లప్పం పెట్టుకోవడమే.

పని మాత్రం తలుపు రెక్కలు విప్పి పెరట్లో చేయించు. మడతబందులు, గొళ్ళేలు, ఇత్తడి బొడిపెలు ముందే తీసి, వంటకి ఇక ఎప్పటికీ వాడని పాత గిన్నెలో చాకలి సోడా కలిపిన వేడినీళ్ళలో నానెయ్యి. రంగు తొక్కలా ఊడిపోతుంది. పైన చెక్కిన పూలూ చిలకలూ ఉన్నాయే, అక్కడ ఇనప బ్లేడు పెట్టనివ్వకు. వెదురు పుల్ల వాడిగా చెక్కించి, కొబ్బరి పీచుతో రుద్దించు. స్టీలు పీచు అసలే వద్దు. టేకులో ఉండే రసానికి ఇనుము కలిస్తే నల్లమచ్చలు పడతాయి, తర్వాత పోవు. మామూలు పలకల మీద బ్లేడు చెక్క చార వెంటే నడవాలి. బ్లేడు మూలలు ముందే ఆకురాయితో గుండ్రంగా అరగదియ్యి, లేకపోతే ప్రతి మూలా ఒక గాటు పెడుతుంది. మేస్త్రి పక్కన మొదటి తలుపు అయ్యేదాకా నువ్వే నిలబడు, వాళ్ళ చేతి వేగానికి అలవాటు పడాలి.

అంతా అయ్యాక టర్పెంటైన్ తడిపిన గుడ్డతో రెండుసార్లు తుడవాలి. చాలా రిమూవర్లలో త్వరగా ఎగిరిపోకుండా మైనం కలుపుతారు. అది చెక్క మీద మిగిలితే తర్వాత వేసే పాలిష్ పట్టదు, తెల్లగా పొరలు లేస్తుంది. గీకిన రంగు తుక్కుని పాత పత్రికల మీద పట్టి, మూటగట్టి, కవర్లో సీలు చేసి మునిసిపాలిటీ ప్రమాదకర చెత్తలో వెయ్యాలి. పెరట్లో తగలెయ్యడం, కొబ్బరి చెట్టు మొదట్లో పొయ్యడం చేస్తే ఇన్ని జాగ్రత్తలూ వృథా. నేలని చీపురుతో ఊడ్చకు, తడిగుడ్డతో తుడిపించు. పనివాళ్ళు బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే టీ తాగాలి, ఇంటికెళ్ళాలి. వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలుంటారు.

పైన రంగు వెయ్యకు, నూనె పట్టించు. అవిసె నూనె తడిపిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తాడు మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక నీళ్ళలో ముంచి పారెయ్యి.

అన్ని తలుపులూ ఊడదియ్యనక్కర్లేదు కూడా. గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగు, రాలనంతవరకు, ఎవరికీ ఏం చెయ్యదు. మేడ మీద గదివీ, వెనక వసారావీ అలాగే ఉంచి పైన కొత్త రంగు వేయించు. సింహద్వారం, మండువా చుట్టూ ఉన్న నాలుగు తలుపులూ చాలు. ఇనప ఊచలు ఈసారికి వదిలెయ్యి.

అమ్మాయి వచ్చేలోపు ఈ తలుపులన్నీ అవ్వకపోతే, దాన్ని మీ చెల్లెలి గారింట్లో ఉంచు, లేదా పని ఆపెయ్యి. బిడ్డకి ఏడాది దాటాకే మళ్ళీ మొదలుపెట్టు. తలుపు అన్నాళ్ళు ఆగింది, ఇంకో ఏడాది ఆగడానికి దానికేం నష్టం లేదు. పని ముగిసినా, అమ్మాయి రాకముందు ఆ గదులన్నీ రెండుసార్లు తడిగుడ్డతో తుడిపించు, కిటికీ గట్ల మీద పొడి మరీ ఎక్కువ పేరుకుంటుంది.

రిమూవర్ డబ్బా కొనేముందు వెనక లేబుల్ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. చూసి చెప్తాను, ఆ తర్వాతే డబ్బు కట్టు. మీ మేస్త్రికి కావాలంటే నేనే ఫోన్ చేసి మాట్లాడతాను, నంబరు పంపు. వదినగారికి నమస్కారాలు, అమ్మాయిని అడిగానని చెప్పు.

నీ,
చిన్నా