లెన్సు మీది పేరు కంటే ముందు బాడీ మీది మౌంటు చూడాలి

సంపాదకుల వారికి,

పెళ్లిళ్ల సీజను ముందు కెమెరా సామాను కొనేవాళ్లకు సలహాలిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాం. కెమెరా బాడీ ఏ కంపెనీదైతే లెన్సు కూడా ఆ కంపెనీదే ఉండాలని, సిగ్మా, టామ్రాన్ లాంటివి కొంటే డబ్బు నీళ్లపాలేనని అందులో తేల్చేశారు. ఇటు బరంపురం నుంచి ఇచ్ఛాపురం, సోంపేట దాకా, అటు పర్లాకిమిడి దాకా పెళ్లిళ్లు తీసేవాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నవి ఆ జూములే. అలాగని కంపెనీ లెన్సుకు పెట్టే డబ్బంతా పేరుకేనన్న వాదననూ మేం ఒప్పుకోం. కొత్తగా స్టూడియో పెట్టే కుర్రాళ్లు అప్పు చేసి కొనే వస్తువు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది మౌంటు, అంటే లెన్సు బాడీకి బిగుసుకునే అమరిక. సోనీ తన ‘ఇ’ (E) మౌంటు ప్రాథమిక వివరాలను 2011లోనే ఇతర తయారీదార్లకు రుసుం లేకుండా ఇచ్చింది. అందుకే సోనీ బాడీ ఉన్నవాళ్లకు సిగ్మా, టామ్రాన్ జూములు ఇన్ని రకాలు దొరుకుతున్నాయి. నికాన్ జెడ్ మౌంటుకు టామ్రాన్ 70-300 జూమ్ (ఈ అంకెలు మిల్లీమీటర్లలో జూమ్ పరిధి) 2022లో వచ్చింది, తర్వాత మరికొన్ని వచ్చాయి. కెనాన్ సంగతి వేరు. 2018లో ఆర్‌ఎఫ్ మౌంటు తెచ్చాక, 2022లో పేటెంట్ల మాట ఎత్తి వేరే కంపెనీ ఆటోఫోకస్ లెన్సుల అమ్మకాలు ఆపించింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకు లైసెన్సు ఇచ్చినా, అప్పుడు ప్రకటించినవన్నీ చిన్న సెన్సారు బాడీలకు సరిపోయే లెన్సులే. ఆర్10, ఆర్50, ఆర్7 ఉన్నవాళ్లకు సిగ్మా 18-50 ఎఫ్ 2.8 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది) అందుబాటులోకి వచ్చింది. ఆర్6, ఆర్8 లాంటి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సారు) బాడీ మీద మనసు పడ్డవాళ్లు మాత్రం తమకు కావాల్సిన జూమ్ ఆ మౌంటులో ఉందో లేదో బాడీకి అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోవాలి. వీళ్లకు ఇంకో దారి కూడా ఉంది. పాత ఈఎఫ్ మౌంటు లెన్సులు కెనాన్ అడాప్టరు మీద పనిచేస్తాయి. అడాప్టరులో గాజు ఉండదు కాబట్టి వెలుగూ తగ్గదు, షార్పునెస్సూ పోదు. నికాన్ అడాప్టరు ఎఫ్‌టీజెడ్‌తో అంత నిశ్చింత లేదు. బాడీలో మోటారు తిరిగితేనే ఫోకస్ అయ్యే పాత ఏఎఫ్-డి లెన్సులకు దాని మీద చేతి ఫోకసే గతి.

మౌంటు తేలాక అసలు డబ్బు విషయం. పెళ్లి పని చేసేవాడికి అన్నం పెట్టేది మధ్య జూమ్. బాడీతో వచ్చే కిట్ లెన్సు జూమ్ చేసేకొద్దీ ఎఫ్ 5.6కి పడిపోతుంది. ఎఫ్ 2.8 లెన్సు దానికి నాలుగు రెట్ల వెలుగు తీసుకుంటుంది. తెల్లవారుజాము ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, మండపం దీపాల వెలుగులో, కిట్ లెన్సుకు ఐఎస్‌ఓ (పెంచేకొద్దీ ఫోటో వెలుగుతో పాటు గరుకూ పెరిగే అంకె) 6400 కావాల్సిన చోట ఇది 1600తో సరిపెడుతుంది. ఆల్బం పెద్ద సైజులో ప్రింటు వేసినప్పుడు ముఖాల మీద కనిపించే గరుకుతనమంతా ఈ తేడాలోనే ఉంది. అందుకే కంపెనీ కిట్ లెన్సుకూ, థర్డ్ పార్టీ (అంటే బయటి కంపెనీ) ఎఫ్ 2.8కీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే మేం రెండో ఆలోచన లేకుండా రెండోదే కొనమంటాం. చిన్న సెన్సారు సోనీ ఉన్నవాళ్లకు టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8 ఉంది. వైబ్రేషన్ తగ్గించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది, బరువు 525 గ్రాములు. ఇంకా తేలిక కావాలంటే సిగ్మా 18-50 ఉంది, మూడు వందల గ్రాములైనా ఉండదు. అందులో వైబ్రేషన్ తగ్గించే ఏర్పాటు లేదు. బాడీలోనూ లేకపోతే నెమ్మది షట్టరుకు చేతి వణుకు ఫోటోలో కనిపిస్తుంది.

ఫుల్ ఫ్రేమ్ సోనీలో టామ్రాన్ 28-75 రెండో వెర్షను 540 గ్రాములు. సోనీ సొంత 24-70 జీఎం రెండో వెర్షను 695 గ్రాములు, ధర టామ్రాన్‌కు రెట్టింపు కంటే ఎక్కువ. మధ్యలో లెన్సు కన్నును ఎఫ్ 5.6 దాకా మూసి తీస్తే రెండింటి ఫోటోలను ప్రింటులో గుర్తుపట్టేవాళ్లు అరుదు. కానీ 28కీ 24కీ మధ్య ఉన్న ఆ నాలుగు ఎంఎంలను చిన్నచూపు చూడొద్దు. మూడు మీటర్ల దూరంలో నిలబడి అడ్డంగా తీస్తే 24 ఎంఎంలో నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. 28లో నాలుగు మీటర్లు కూడా పడదు. ఫంక్షన్ హాల్లో రెండడుగులు వెనక్కి వేస్తే సరిపోతుంది. ఉద్దానం పల్లెల్లో ఇరుకు వసారాలో కుటుంబం ఫోటో తీసేటప్పుడు వెనక గోడే. చివర నిలబడ్డ మేనత్తో, బావగారో కోసుకుపోతే ఆ పెళ్లి మాట దక్కదు. ఇంటి పెళ్లిళ్లు ఎక్కువ తీసేవాళ్లు సిగ్మా 24-70 వైపు చూడటం మంచిది. 2019లో వచ్చిన మొదటి వెర్షను 830 గ్రాముల దాకా ఉంటుంది, 2024లో వచ్చిన రెండోది దానికంటే తేలిక. మంగళసూత్రం క్లోజప్పుకు టామ్రాన్ 28 దగ్గర 18 సెంటీమీటర్లలో ఫోకస్ పడుతుందని చెప్పి అమ్ముతారు. ఆ కొలత సెన్సారు నుంచి. లెన్సు పొడవు తీసేస్తే ముందు గాజుకూ సూత్రానికీ మధ్య మిగిలేది నాలుగైదు సెంటీమీటర్లే. లెన్సు నీడ దాని మీదే పడుతుంది. 75 వైపు జరిపి కొంచెం దూరం నుంచి తీసుకోవాలి.

కంపెనీ లెన్సుకు పెట్టిన డబ్బు ఎక్కడ తిరిగొస్తుందో కూడా చెప్పాలి. వీడియో తీసేవాళ్లకు మొదటిది బ్రీతింగ్. ఫోకస్ పెళ్లికూతురి మీంచి పురోహితుడి మీదికి మారేటప్పుడు ఫ్రేము కొంచెం పెరిగి తగ్గినట్టు కదులుతుంది. సోనీ ఎ7 ఫోర్ లాంటి బాడీలు దాన్ని సరిదిద్దుతాయి, అదీ సోనీ లెన్సు తగిలిస్తేనే. రెండోది వేగం. ఎ9, ఎ1 వరస బాడీలు సోనీ లెన్సులతో ఎంత వేగంగా తీసినా, థర్డ్ పార్టీ లెన్సు పెడితే సెకనుకు 15 ఫ్రేముల దగ్గర ఆగిపోతాయి. పెళ్లి పనికి 15 ఎక్కువే. తేలినీలాపురం పక్షుల కేంద్రంలో గూడబాతు రెక్క విప్పే క్షణం కోసమో, చిలికాలో బాతుల గుంపు ఒక్కసారిగా లేచే క్షణం కోసమో ఎదురుచూసేవాళ్లకు అది చాలకపోవచ్చు. మూడోది టెలికన్వర్టరు, అంటే లెన్సుకూ బాడీకీ మధ్య బిగించి దూరపు వస్తువును ఇంకా దగ్గరికి తెచ్చే ముక్క. సోనీ 200-600కి కన్వర్టరు తగిలించుకోవచ్చు. సోనీ ‘ఇ’ మౌంటులోని సిగ్మా, టామ్రాన్ పొడవు జూములకు ఆ వీలు లేదు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా) ఉండి పక్షుల మీద సరదా ఉన్నవాళ్లయితే 2015లో వచ్చిన నికాన్ 200-500 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందేమో చూసుకోవాలి. జూమ్ అంతటా ఎఫ్ 5.6 ఇస్తుంది, 2300 గ్రాముల బరువుకు భుజం సిద్ధపడితే చాలు.

పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లతో ఇంకో రెండు చిక్కులు. కెనాన్ బాడీకి సిగ్మా తగిలించినప్పుడు మెనూలోని లెన్స్ అబరేషన్ కరెక్షన్‌ను ఆపేయాలని సిగ్మానే చెప్పింది. ఆపకపోతే బాడీ లెన్సును తన సొంతదని పొరబడి, లేని లోపాన్ని సరిదిద్దుతుంది. కొన్ని బాడీల్లో ఫోటో మీద వలయాలు పడతాయి. లెన్సు చెడిందని షాపు మీద గొడవకు దిగకముందు ఈ మెనూ చూసుకోవాలి. రెండోది చేతి అలవాటు. కెనాన్, నికాన్ జూమ్ రింగులు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సుల్లో సిగ్మా కెనాన్ వైపు, టామ్రాన్ నికాన్ వైపు. నికాన్ చేతికి సిగ్మా ఇస్తే తాళి కట్టే వేళకు జూమ్ దగ్గరికి రావాల్సింది పోయి దూరమవుతుంది.

ఏ పేరున్న లెన్సైనా ఇంటికి తెచ్చిన రోజే పరీక్షించాలి. ఇందుకు మీ పత్రికే పనికొస్తుంది. వధూవరుల ప్రకటనల పేజీలు ఐదు తీసుకోండి, అక్షరం చిన్నది, ఒత్తు కింద ఒత్తు ఉంటుంది. గోడ మీద ఫ్రేము మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు ముడతలు లేకుండా అంటించాలి. కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు సమాంతరంగా పెట్టి, స్టెబిలైజేషన్ (వైబ్రేషన్ తగ్గించే ఏర్పాటు) ఆపి, ఐఎస్‌ఓ 100లో, రెండు సెకన్ల టైమరుతో తీయాలి. జూమ్ మొదట్లో, మధ్యలో, చివర్లో. ఒక్కోచోట ఎఫ్ 2.8, 4, 8. జూమ్ చేసినకొద్దీ వెనక్కి జరగాలి, గది చాలకపోతే కాగితాలను దగ్గరికి చేర్చి అంటించాలి. కంప్యూటరులో నూరు శాతం సైజులో మూలలు చూడండి. నాలుగు మూలలూ 2.8లో ఒకేలా మెత్తగా ఉండి 8లో తేరుకుంటే అది ఆ డిజైను గుణం, భయం లేదు. మూడు మూలలు స్పష్టంగా ఉండి ఒకటే అలుక్కుపోయినట్టుంటే లోపలి గాజు పక్కకు జరిగిందన్న అనుమానం రావాలి. తీర్పు చెప్పేముందు కెమెరాను తలకిందులుగా బిగించి మళ్లీ తీయండి. మసక ఫ్రేములో అదే మూలలో ఉంటే లోపం లెన్సుది. అది మూల మారి గోడ మీది పాత కాగితం దగ్గరే ఉండిపోతే కెమెరా గోడకు సమాంతరంగా లేదని అర్థం. ఈ ఒక్క పని చేయక మంచి లెన్సును వాపసు చేసేవాళ్లూ, చెడ్డ లెన్సును ఏళ్ల తరబడి మోసేవాళ్లూ ఉన్నారు.

తర్వాత ఫోకస్. మధ్య కాగితం మీద ఫోకస్ చేసి తీసి, ప్రతిసారీ దగ్గరి వస్తువు మీదికి తిప్పి మళ్లీ కాగితానికి రావాలి. ఇలా ఇరవై ఫోటోలు. అన్నీ ఒకే తీరుగా ముందుకో వెనక్కో తప్పుతుంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లో కాలిబ్రేషన్‌తో, అంటే ఆ తేడాను లెక్కగట్టి సవరించడంతో సరిపోతుంది. సిగ్మాకు యూఎస్‌బీ డాక్, టామ్రాన్‌కు ట్యాప్ ఇన్ కన్సోల్ అనే పరికరాలున్నాయి. వాటికి వీలున్న మోడల్ లెన్సులను ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. అద్దం లేని కొత్త రకం మిర్రర్‌లెస్‌లో ఫోకస్ సెన్సారు మీదే చూస్తుంది కాబట్టి ఈ తేడా దాదాపు రాదు. కొన్ని సరిగ్గా, కొన్ని అటూ ఇటూ పడుతుంటే అది కాలిబ్రేషన్‌తో పోయే జబ్బు కాదు, ముందు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) చూడాలి. బాడీ ఫర్మ్‌వేర్ మార్చినప్పుడల్లా థర్డ్ పార్టీ లెన్సుకు కొత్తది వచ్చిందేమో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. కంపెనీ లెన్సు వాడేవాడికి ఈ పని బాగా తక్కువ, ఇది నిజమే. పెళ్లికి ముందు రోజు రాత్రి మాత్రం ఏ ఫర్మ్‌వేరూ ముట్టుకోకండి.

మన సముద్రం పక్క గాలికి ఏ బ్రాండైనా ఒకటే. మౌంటు దగ్గర రబ్బరు రింగు ఉంటే నీటి తుంపర ఆగుతుందే తప్ప ఫంగస్ ఆగదు. జూమ్ చేసినప్పుడల్లా గొట్టం ముందుకు పొడుచుకొస్తూ గాలినీ, గాలిలోని తేమనూ లోపలికి పీల్చుకుంటుంది, వెనక్కి వెళ్తూ తన మీద పడ్డ తలంబ్రాల పసుపును లోపలికి లాక్కెళ్తుంది. తలంబ్రాల వేళ జూమ్ బయటికి ఉంటే, దాన్ని వెనక్కి తిప్పేముందు గొట్టం మీది పసుపును మెత్తటి బ్రష్షుతో దులపాలి. నోటితో ఊదొద్దు. ఏసీ కారులోంచి దిగగానే సంచి తెరవకుండా ఓ అరగంట ఆగాలి. ఇంటి దగ్గర గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టుకుని 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే చాలు.

కొనే చోటు గురించి ఒక్క మాట. లెన్సు విప్పి బాగుచేయాల్సి వస్తే ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి పెద్ద నగరానికి పంపడమే మార్గం. ఆ బ్రాండు అధీకృత సర్వీసు ఎక్కడుందో, ఇండియా వారంటీ కార్డు పెట్టెలో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవాలి. వారంటీ లేని దిగుమతి సరుకు ఎంత చౌకైనా మేం వద్దనే అంటాం. ఒడిశాలో జీఎస్టీ నంబరున్న స్టూడియోల వాళ్లు విశాఖ షాపులో చేతికి తీసుకుని ఆంధ్ర పన్ను వేసిన బిల్లు పట్టుకొస్తే ఆ పన్ను ఇక్కడ క్రెడిట్ రాదు. సరుకును ఒడిశా అడ్రసుకు పంపించమని, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ)తో బిల్లు రాయమని అడగాలి.

దుకాణదారులకు మీ పత్రిక ద్వారా మా విన్నపం ఇదీ. కొనేవాడు సొంత బాడీ తెచ్చుకుంటే లెన్సు తగిలించి పది నిమిషాలు తీసి చూసుకోనివ్వండి. సీలు తీశాక వాపసు తీసుకోబోమన్న షరతు ఉంటే దాన్ని బిల్లు వెనక చిన్న అక్షరాల్లో వేయకుండా, డబ్బు తీసుకోకముందే నోటితో చెప్పండి.

ఇట్లు,
బరంపురం, ఇచ్ఛాపురం పరిసరాల పెళ్లి ఫోటోగ్రాఫర్లు