దుమ్ములో కాదు, దాని చోటులోనే ఉంది

ఒరేయ్,

ఎలా ఉన్నావు? పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్ మీద కథనం రాస్తున్నానన్నావు, చాలా సంతోషం. కానీ ‘దుమ్ము పట్టిన అరల్లోంచి బయటపడ్డ అపురూప పత్రం’ అని మాత్రం రాయకురా. అది చదివిన వాళ్లకి అక్కడ మనుషులు పనిచేస్తున్నారనే తట్టదు. రేపు ఆ సంస్థ డబ్బు అడిగితే పాత కాగితాలకి ఖర్చెందుకంటారు.

2012లో ఏం జరిగిందో చూడు. అమెరికా అధ్యక్షుడు లింకన్‌కి తూటా తగిలిన రాత్రి అందరికంటే ముందు ఆయన దగ్గరికి చేరిన డాక్టర్ చార్లెస్ లీల్ రాసిన నివేదిక వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక పరిశోధకురాలికి కనిపించింది. ఎప్పుడో పోయిన కాగితం దొరికినట్టు వార్తలొచ్చాయి. నిజానికి అది సైన్యం వైద్య విభాగం అధిపతి అయిన సర్జన్ జనరల్‌కి వచ్చిన ఉత్తరాల్లో, లీల్ పేరు మొదటి అక్షరం ‘ఎల్’ కింద, తన చోటులోనే ఉంది. ఆర్కైవ్స్‌లో కాగితాల్ని విషయాన్ని బట్టి సర్దరు. ఏ ఆఫీసు నుంచి వస్తే ఆ ఆఫీసు పేరుమీద, వాళ్లు పెట్టుకున్న వరసలోనే ఉంచుతారు. అందుకే లింకన్ పేరుతో వెతికితే తగలదు. ఒక్క మీటరు అరలో వేల కాగితాలు పడతాయి, ఎక్కడ ఏముందో చెప్పే సూచికేమో ఏ పెట్టె, ఏ ఫైలు అనే దాకా వెళ్లి ఆగిపోతుంది. పెట్టె తర్వాత పెట్టె ఓపిగ్గా తిరగేసిన పరిశోధకురాలిది గొప్ప పనే. ఆ ‘ఎల్’ని 147 ఏళ్లు చెదరనివ్వని వాళ్లదీ గొప్ప పనే, వాళ్ల గురించి ఎవరు రాశారు?

ఇంకోటి, ఫొటోకోసం తెల్ల గ్లౌజులు తొడగమని అడక్కండి. నూలు గ్లౌజు వేసుకుంటే వేళ్లకి కాగితం అంచు తెలియదు, పోగు తగులుకుని పెళుసు కాగితం చిరుగుతుంది. మామూలు కాగితానికి కడిగి బాగా ఆరబెట్టుకున్న చేతులే మేలు. గ్లౌజులు ఫొటోలకీ నెగెటివ్‌లకీ కావాలి, వేలిముద్ర అక్కడ మచ్చగా మిగిలిపోతుంది కాబట్టి. టీవీలో తెల్ల గ్లౌజులు చూసి చూసి, ఉత్త చేతుల్తో పట్టుకున్న ఆర్కైవిస్టునే జనం తిడుతున్నారు, అదీ బాధ.

దొరికినప్పుడు, కూలినప్పుడు తప్ప ఆర్కైవ్స్ వార్తల్లోకి రావు. 2009 మార్చి 3న జర్మనీలోని కొలోన్ నగర ఆర్కైవ్స్ భవనం కూలింది, పక్కిళ్లలో ఇద్దరు చనిపోయారు. కెమెరాలన్నీ శిథిలాల మీదే. తడిసిన కాగితాన్ని బూజు పట్టేలోపే గడ్డకట్టించి, తర్వాత వాక్యూమ్‌లో ఆరబెట్టి, ఒక్కొక్కటీ బ్రష్‌తో శుభ్రం చేస్తూ ఏళ్ల తరబడి చేసిన పనికి అంత చోటు దక్కలేదు. చాలా భాగం మళ్లీ చేతికొచ్చిందని ఎంతమందికి తెలుసు?

నువ్వు వెళ్లినప్పుడు ‘మీ దగ్గర అన్నిటికంటే పాతది ఏది’ అని మొదలుపెట్టకు. సూచిక ఎవరు రాశారు, ఇంకా సర్దని పెట్టెలు ఎన్ని, గదిలో తేమ ఎంత ఉంచుతారు అని అడుగు. ఏదైనా పత్రం చూపిస్తే దాని ఫైలు నంబరు కూడా వార్తలో వెయ్యి. చదివినవాళ్లు వెళ్లి అదే కట్ట అడగ్గలరు.

ప్రేమతో,
నీ నేస్తం