2025 వార్షిక నివేదిక: కటింగ్ రేట్లు, టిప్పుల సంగతి

సంఘ సభ్యులందరికీ, కుర్చీల దగ్గర పనిచేసే తమ్ముళ్లకు, బ్యూటీ పార్లర్లు నడుపుతున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం.

2025 జనవరి నుంచి డిసెంబరు వరకు మన పట్టణ నాయీబ్రాహ్మణ సంఘం చేసిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. ఈసారి ఎక్కువ భాగం రేట్ల గురించి, టిప్పుల గురించి రాయాల్సి వచ్చింది. కార్యవర్గం ఏ పని మీద కూర్చున్నా చర్చ చివరికి అక్కడికే చేరింది. మిగతా విషయాలు క్లుప్తంగా రాశాం.

కొత్త రేట్లు

ఉగాది తర్వాత కొత్త రేటు బోర్డు పెట్టాలని మార్చిలో తీర్మానం చేశాం. ఏప్రిల్ 1 మంగళవారం, షాపులకు సెలవు. అందుకే 2వ తేదీ బుధవారం నుంచి అమలు చేశాం. కటింగ్ 100 నుంచి 120 అయింది, గడ్డం 50 నుంచి 60 అయింది. రెండూ కలిపి చేయించుకుంటే 170. పదేళ్లలోపు పిల్లలకు పాత 80 రూపాయలే ఉంచాం. మంచం పట్టిన పెద్దవాళ్లకు ఇంటికి వెళ్లి చేస్తే 200. ఇదొక్కటి కొత్తగా చేర్చాం. ఇంతకుముందు ఇంటికి వెళ్లినవాళ్లు ఎంత అడగాలో తెలియక, అడగలేక, ఇచ్చింది పుచ్చుకుని వచ్చేవాళ్లు. రానుపోను పెట్రోలు, షాపులో కుర్చీ ఖాళీగా ఉన్న సమయం ఎవరూ లెక్కేసేవాళ్లు కాదు.

మొదటి నెల మాటలు పడ్డాం. "పావుగంట పనికి నూట ఇరవయ్యా?" అని చాలామంది అన్నారు. ఆ పావుగంటలో ఏముందో సభ్యులు ఓపిగ్గా చెప్పాలని కార్యవర్గం కోరుతోంది. గడ్డం సంగతే తీసుకోండి. కస్టమర్ చూస్తుండగా బ్లేడు కాగితంతోనే సగానికి విరవాలి. ఒక ముక్క ఉస్తరాలో పెట్టాలి. పనైపోగానే ఆ ముక్క మూత ఉన్న డబ్బాలోకి పోవాలి, ఇంకొకరి చెంప మీదికి పోకూడదు. హెపటైటిస్-బి, హెచ్ఐవి లాంటివి రక్తం అంటిన బ్లేడుతో ఒకరి నుంచి ఒకరికి సోకే ప్రమాదం ఉంది కాబట్టి ఇందులో రాజీ లేదు. మెషిన్ పళ్లు స్పిరిట్‌తో తుడవాలి, ఉతికిన తువ్వాలు వేయాలి, పటిక రాయాలి. వీటన్నిటి మీదా షాపు అద్దె ఉంది. రేటు తక్కువైన చోట ముందుగా కోత పడేది శుభ్రతకే. ఈ మాట మన సభ్యులకు కోపం తెప్పించవచ్చు, అయినా ఇది నిజం.

కొన్ని షాపుల్లో బోర్డు మీద కొత్త రేటు రాసి, లోపల పాత రేటే తీసుకున్నారు. జరిమానా వేయాలని కొందరు పట్టుబట్టారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. వాళ్లవి గల్లీ లోపలి షాపులు, కస్టమర్లలో సగం మంది రోజుకూలీలు. వాళ్ల భయం వాళ్లది. వెళ్లి మాట్లాడాం. దీపావళి నాటికి ఎక్కువమంది 110 దాకా వచ్చారు. దాన్నే ముందడుగుగా తీసుకుంటున్నాం.

సెప్టెంబరు 22 తర్వాత ఇంకో ప్రశ్న మొదలైంది: "జీఎస్టీ తగ్గింది కదా, మీరెందుకు తగ్గించరు?" సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గిన మాట నిజమే. కానీ ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే షాపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. మన షాపుల్లో దాదాపు అన్నీ అలాంటివే. వసూలు చేయని పన్నును తగ్గించడం ఎలా కుదురుతుంది? రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద పార్లర్ల సభ్యులు మాత్రం బిల్లులు సవరించారు. షేవింగ్ క్రీము, షాంపూ, టాల్కం పౌడరు మీద కూడా పన్ను 5 శాతానికి దిగింది. దాంతో కాస్త వెసులుబాటు కలిగింది గానీ, అద్దె పెరిగిన షాపుకు అది ఏ మూలకూ సరిపోదు.

టిప్పుల సంగతి

కటింగ్ ఎనభై ఉన్న రోజుల్లో వంద నోటిచ్చి "ఉంచుకో తమ్మీ" అని వెళ్లేవాళ్లు. ఆ ఇరవై నేరుగా కుర్చీ దగ్గరి పిల్లాడి జేబులో పడేది. ఇప్పుడు నోటు తీసేవాళ్లు తక్కువ. కౌంటర్ దగ్గర స్కాన్ చేస్తారు, "నూట డెబ్బై రూపాయలు అందాయి" అని స్పీకర్ పలుకుతుంది, ఆ డబ్బు ఓనరు ఖాతాలో పడుతుంది. చిల్లర అనేదే లేకపోయేసరికి టిప్పూ పోయింది. రేటు పెంచాక ఓనరుకు ఎంతో కొంత మిగిలింది గానీ, సగం వాటా మీద పనిచేసే కార్మికుడికి కటింగ్‌కు పెరిగింది పది రూపాయలే. పోయిన టిప్పు అంతకంటే ఎక్కువ. మార్చి చర్చలో ఈ లెక్క ఎవరూ పైకి తీయలేదు. జూన్‌లో కార్మిక సభ్యులే వచ్చి వివరంగా చెప్పారు.

దసరా ముందు ఒక షాపులో గొడవ కూడా జరిగింది. పండక్కి ఊరొచ్చిన ఒక కస్టమర్ 170కి బదులు 200 స్కాన్ చేసి, "ముప్పై ఆ పిల్లాడికి" అని చెప్పి వెళ్లాడు. రాత్రి లెక్క చూసేటప్పుడు ఆ ముప్పై మొత్తంలో కలిసిపోయి, అందులోనూ సగమే పిల్లాడికి దక్కింది. మొత్తం పదిహేను రూపాయల తగాదా. కానీ మూడేళ్లుగా ఆ షాపులో నమ్మకంగా ఉన్న పిల్లాడు మర్నాడు పనికి రాలేదు. పండుగ రద్దీలో ఓనరు ఒక్కడే రెండు కుర్చీలు చూసుకోవాల్సి వచ్చింది. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాం. ఇప్పుడు కలిసే పనిచేస్తున్నారు.

ఆ తర్వాత కార్యవర్గం ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ఇది. రేటుకు మించి కస్టమర్ ఇచ్చింది, నోటైనా ఫోనైనా, పూర్తిగా పని చేసినవాడిదే. అందులో ఓనరుకు వాటా లేదు. ఫోన్‌లో వస్తే అప్పటికప్పుడు పుస్తకంలో పేరుతో రాయాలి, ఆ రాత్రే చేతికివ్వాలి. ప్రతి కార్మికుడి అద్దం మూలన సొంత క్యూఆర్ కోడ్ అంటించుకోనివ్వాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. రేటు డబ్బు కూడా అటే పోతుందేమోనని కొందరు ఓనర్లు సందేహపడ్డారు. దాన్ని షాపుల ఇష్టానికి వదిలేశాం. పుస్తకం మాత్రం తప్పనిసరి.

బిల్లులోనే పది రూపాయల సర్వీసు ఛార్జీ కలిపేద్దామని ఇంకో సూచన వచ్చింది. వద్దనుకున్నాం. హోటళ్లు బిల్లులో దానంతటదే సర్వీసు ఛార్జీ వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అవి హోటళ్లకే అయినా, కస్టమర్‌కు చెప్పకుండా కలిపేది ఏదైనా మన పేరు చెడగొడుతుంది. కావాల్సిన డబ్బు రేటులోనే ధైర్యంగా అడుగుదాం.

అమెరికా నుంచి వచ్చిన మన పిల్లలు అక్కడ కటింగ్‌కు 15, 20 శాతం టిప్ ఇవ్వడం మామూలేనని చెబుతుంటారు. అది వినడానికి బాగుంటుంది. కానీ అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లయితే, టిప్పులు వచ్చే పనివాళ్లకు ఓనరు 2.13 డాలర్లు ఇచ్చినా సరిపోతుంది. టిప్పులతో కలిపి 7.25 దాటకపోతేనే తక్కువైంది ఓనరు కలపాలి. 1991 నుంచీ ఆ 2.13 మారలేదు. కొన్ని రాష్ట్రాలు ఇంతకంటే మెరుగైన చట్టాలు చేసుకున్నాయి, అది వేరే సంగతి. టిప్పును జీతంలో భాగంగా లెక్కేయడం మొదలుపెడితే జీతం అక్కడే ఆగిపోతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. "టిప్పులు వస్తున్నాయి కదా, వాటా ఎందుకు పెంచాలి" అనే మాట మన షాపుల్లోనూ వినబడుతోంది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాం.

మరి కస్టమర్ "టిప్ ఇవ్వాలా అన్నా?" అని అడిగితే ఏం చెప్పాలి? ఇవ్వనక్కర్లేదని చెప్పండి. సొంత షాపులో ఓనరే కత్తెర పట్టినప్పుడు అసలే అక్కర్లేదు, రేటు మొత్తం ఆయనకే వస్తుంది. పని నచ్చి, చేసిన పిల్లాడికి పదో ఇరవయ్యో ఇస్తే సంతోషంగా తీసుకోండి. ఇవ్వనివాళ్ల ముందు తువ్వాలు దులుపుతూ నిలబడొద్దు, మొహం మాడ్చుకోవద్దు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు వంద, రెండొందలు చేతిలో పెడతారని వాళ్లను ముందు కూర్చోబెట్టిన షాపుల మీద ఫిర్యాదులు వచ్చాయి. నెలనెలా వచ్చే బాపు బల్ల మీద కూర్చుని చూస్తుండగా వెనక వచ్చినవాళ్లకు కుర్చీ వేయడం చాలా తప్పు. ఎవరైనా సరే, వరస ప్రకారమే.

ఆనవాయితీగా వచ్చేవి దీంట్లోకి రావు. పుట్టువెంట్రుకలు తీసినప్పుడు పెట్టే బియ్యం, బట్టలు, కట్నం, పెళ్లికొడుకును చేసినప్పుడు ఇచ్చేవి, దసరా మామూలు మన వృత్తికి ఊరు ఇచ్చే మర్యాదలు. మన తాతలు ఏడాదంతా ఊరందరి గడ్డాలూ గీసి, పంట నూర్చిన కల్లం దగ్గర మేర గింజలు కొలిపించుకున్నారు. రేటు బోర్డు లేని రోజులవి. గింజలు తక్కువ పోసినా అడగలేని రోజులు కూడా. కాబట్టి బోర్డు మీద అంకె రాసి అడిగినంత తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇతర పనులు

తెలంగాణలో సెలూన్లకు 2021 ఏప్రిల్‌లో మొదలైన నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు పథకానికి మీటరు పేరు మార్పు కాక ఆగిపోయిన సభ్యుల కాగితాలు సిద్ధం చేయించాం. చేతివృత్తులవారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మనదీ ఉంది. దరఖాస్తు ఆమోదం పొందినవాళ్లకు శిక్షణ మొదట్లో 15,000 రూపాయల వరకు పనిముట్ల వోచరు, శిక్షణ పూర్తయ్యాక 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు రుణం ఉంటాయి. రుణం దగ్గర బ్యాంకులో ఇబ్బంది పడుతున్నవాళ్లు కార్యదర్శిని కలవండి, వెంట వస్తాం. మెషిన్ కటింగ్‌లో కొత్త పద్ధతులు నేర్పే తరగతులు వేసవిలో మంగళవారాలు పెట్టాం. కుర్రవాళ్లు బాగా వచ్చారు, పెద్దవాళ్లు కూడా వస్తే బాగుంటుంది.

సంక్షేమ నిధికి నెల చందా 50 రూపాయలు అలాగే ఉంది. ఆస్పత్రి పాలైన సభ్యులకు సాయం ఈ నిధి నుంచే చేశాం. జమాఖర్చుల పత్రం కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు.

సమావేశంలో చర్చకు పెడుతున్న ముఖ్యమైన అంశం ఒకటే: కార్మికుల వాటా 50 శాతం నుంచి 55 శాతానికి పెంచడం. కార్యవర్గం దీన్ని సమర్థిస్తోంది. వ్యతిరేకించే ఓనర్లు అద్దె రసీదులు, కరెంటు బిల్లులు తెచ్చి లెక్కతో మాట్లాడాలి. కార్మిక సభ్యులు తమ షాపు టిప్పుల పుస్తకం వెంట తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యవర్గం తరఫున కార్యదర్శి